గని పక్క వాగులు, డ్యాములు: బాటిల్ మేలా, సెన్సార్ మేలా?

గని చుట్టూ నీళ్ల నాణ్యతను ఎలా కనిపెట్టుకుని ఉండాలన్న మాట రాగానే జనం రెండు జట్లయిపోతారు. ఒక జట్టుకి బాటిలే దేవుడు, నెలకోసారి వెళ్లి నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే చాలంటారు. రెండో జట్టు, పావుగంటకో రీడింగ్ నేరుగా ఫోన్‌కి వచ్చే రోజుల్లో ఇంకా బాటిళ్లేంటని నవ్వుతారు. నేను రెండూ చేశాను, రెండిట్లోనూ బోల్తా పడ్డాను. ఇద్దరూ అడగనిది ఒకటుంది: నీళ్లు పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా? వాగు గంటగంటకీ మారుతుంది, డ్యామ్‌లో నీళ్లు లోతుకి దిగేకొద్దీ మారతాయి. రెండిటికీ ఒకే పద్ధతి పెడితే ఏదో ఒక చోట మోసపోతాం.

ముందు వాగు సంగతి. తవ్వి పోసిన రాళ్ల గుట్టల్లో పైరైట్ ఉంటే, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం, దానికి గాలీ నీరూ తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ గనిలో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఏడు కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) సున్నా కంటే కిందికి, మైనస్ 3.6 దాకా పోయిన నీళ్లు కూడా దొరికాయి, అది మరీ విపరీతమనుకోండి. మామూలు గనుల్లో జరిగేదేమిటంటే, వానలు లేనన్నాళ్లూ లవణాలు రాళ్ల మీద పొడిలా పేరుకుంటాయి, తొలి గట్టి వానకి అదంతా కడుక్కుని వాగులో పడుతుంది. కొన్ని గంటల ముచ్చట. నెలకోసారి బాటిల్ పట్టేవాడికి ఆ గంటలు దొరకాలంటే లాటరీ తగలాలి. పైగా మనం వెళ్లేదెప్పుడు? పని రోజున, పగటిపూట, దారి పొడిగా ఉన్నప్పుడు. వాగు పొంగుతుంటే అటు వెళ్లనివ్వరు, వెళ్లకూడదు కూడా. అలా పదేళ్లు పట్టిన బాటిళ్ల లెక్కంతా చివరికి మంచి వాతావరణంలో నీళ్లు ఎలా ఉంటాయో చెప్పే లెక్కే అవుతుంది!

రంగు చూస్తే తెలిసిపోదా అని కొందరంటారు. 2015 ఆగస్టు 5న అమెరికాలోని కొలరాడోలో గోల్డ్ కింగ్ గని నుంచి సుమారు 1.1 కోట్ల లీటర్ల నీళ్లు సిమెంట్ క్రీక్‌లోకి, అక్కణ్ణుంచి యానిమస్ నదిలోకి వెళ్లినప్పుడు నది నారింజ రంగుకి తిరిగింది, నిజమే. అది ఇనుము రంగు. నీళ్లలో కరిగిన జింకుకీ, ఆ ఆమ్లంతో పాటు వచ్చే సల్ఫేట్‌కీ రంగుండదు, కళ్లముందే పోతున్నా గాజులా తేటగా కనిపిస్తాయి.

అందుకే వాగు దగ్గర నా ఓటు సెన్సార్‌కి, అందులోనూ కండక్టివిటీ సెన్సార్‌కి. కండక్టివిటీ అంటే నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పోతుందన్న కొలత, కరిగిన లవణాలు పెరిగితే అదీ పెరుగుతుంది. పీహెచ్ కాదా అంటారేమో. రాళ్లలో సున్నపు గుణం ఉన్నంత కాలం పుట్టిన ఆమ్లాన్ని అది విరిచేస్తూ ఉంటుంది, పీహెచ్ ఏడు దగ్గరే బుద్ధిగా కూర్చుంటుంది, సల్ఫేట్ మాత్రం లోలోపల పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదల ముందుగా కనిపించేది కండక్టివిటీలోనే. పీహెచ్ పడిపోయాక మేలుకుంటే అప్పటికే ఆలస్యం.

కానీ సెన్సార్ కండక్టివిటీ పెరిగిందని చెబుతుంది గానీ పెంచింది ఏదో చెప్పదు. మామూలు ఉప్పుకీ జింకుకీ దానికి తేడా తెలీదు. ఆర్సెనిక్ లాంటివి పీహెచ్ మామూలుగా ఉన్న నీళ్లలో కూడా కరిగి ఉండగలవు, చేటు చేసే ఆ కొద్ది మోతాదుకి కండక్టివిటీ ముల్లు కదలనైనా కదలదు. ఇంకో తలనొప్పి పాచి. ఒకసారి దిగువ పాయింట్‌లో టర్బిడిటీ, అంటే నీటి మడ్డితనం, రోజురోజుకీ ఎక్కుతోంది. వాన చుక్క లేదు, నీటి మట్టం కదల్లేదు. ఆఫీసులో అందరికీ టెన్షన్, ఎక్కడో గట్టు తెగిందని. వెళ్లి ప్రోబ్, అంటే నీళ్లలో మునిగి ఉండే సెన్సార్ భాగం, పైకి తీస్తే ఒళ్లంతా పచ్చటి పాచి, సరిగ్గా మడ్డి కొలిచే కాంతి బయటికొచ్చే కిటికీ మీద ఒక చిన్న నత్త కాపురం పెట్టింది. దాన్ని తీసి, తుడిచి, మళ్లీ నీళ్లలో దించేసరికి రీడింగ్ మామూలైపోయింది. రెండు మూడు వారాలకోసారి వెళ్లి తుడిచి, ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూసే మనిషి లేకపోతే సెన్సార్ పెట్టకపోవడమే మేలు.

బాటిల్‌కి ఆ కిటికీ గొడవ లేదు గానీ, దాన్ని పాడుచేసేది మన చేతులే. ఎగువకి ముఖం పెట్టి నిలబడాలి, లేకపోతే మన కాళ్ల కింద లేచిన బురదే ల్యాబ్‌కి పోతుంది. కరిగిన లోహాలు కావాలంటే అక్కడికక్కడే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి, నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ రెండు కంటే కిందికి దించాలి. వేయకపోతే ఇనుము తుప్పులా మారి బాటిల్ గోడలకి పట్టుకుంటుంది, పోతూ పోతూ మిగతా లోహాలని కూడా లాక్కుపోతుంది, ల్యాబ్ రిపోర్టు చూసి నీళ్లు భేషుగ్గా ఉన్నాయనుకుంటాం. పీహెచ్ అయితే వాగు ఒడ్డునే కొలవాలి, ల్యాబ్ దాకా ఆగదు.

రెండిటికీ మధ్యలో ఆటో శాంప్లర్ ఉంది. ఒక పెట్టెలో చాలావరకు 24 సీసాలుంటాయి, నీటి మట్టమో కండక్టివిటీయో గీత దాటగానే పంపు తనంతట తానే నీళ్లు పడుతుంది. ఆస్ట్రేలియాలో రేంజర్ యురేనియం గని పక్కన మగేలా క్రీక్‌లో ఈ జోడీనే వాడారు: ఎగువా దిగువా ఎప్పుడూ నడిచే కండక్టివిటీ, అది పెరిగితే తానే పట్టుకునే శాంపిల్. అక్కడ ఇంకోటి కూడా చేశారు, వాగు నీళ్లలోనే మంచినీటి నత్తల్ని నాలుగేసి రోజులు ఉంచి అవి పెట్టిన గుడ్లు లెక్కపెట్టడం. నా నత్తేమో రీడింగ్ పాడుచేసింది, వాళ్ల నత్తలే రీడింగ్! ఆటో శాంప్లర్‌కి ఒక లోటు, మనం వెళ్లే దాకా సీసాల్లో నీళ్లు వడకట్టకుండానే ఉంటాయి, కాబట్టి మొత్తం లోహాల లెక్కకి సరే, కరిగిన వాటి లెక్కని పూర్తిగా నమ్మలేం.

డీజీటీ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్లలు కూడా ఉన్నాయి, నీళ్లలో కొన్ని రోజులు వేలాడదీస్తే లోపలి జెల్ లోహాల్ని పట్టుకుంటుంది. బాగానే ఉంటాయి గానీ సగటే చెప్తాయి, ఏ గంటలో ఎంత పెరిగిందో చెప్పవు.

డ్యామ్ దగ్గరికొస్తే నా ఓటు తిరగబడుతుంది. ఎండలకి పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, అడుగు నీళ్లు చల్లగా, గాలి అందక పడి ఉంటాయి. అక్కడ ఆక్సిజన్ అయిపోయాక అడుగు బురదలోని ఇనుము, మాంగనీస్ మళ్లీ నీళ్లలోకి కరుగుతాయి. గని నుంచి వచ్చిన ఉప్పు నీళ్లు బరువెక్కువ కాబట్టి అవీ కిందికే చేరతాయి. గట్టు పక్కన మీటరు లోతులో పెట్టిన ఖరీదైన సెన్సార్‌కి ఇదేం పట్టదు, గట్టు మీంచి వంగి పట్టిన బాటిల్‌కీ పట్టదు. నీళ్లు వదిలే తూము అడుగున ఉంటే మాత్రం వాగులోకి పోయేది ఆ నీళ్లే. పడవలో మధ్యకి వెళ్లి, మీటరుకోసారి ఆగుతూ ఉష్ణోగ్రత, ఆక్సిజన్, కండక్టివిటీ, పీహెచ్ కొలుచుకుంటూ దిగాల్సిందే. కావలసిన లోతులో నీళ్లు పట్టే గొట్టం ఒకటుంటుంది, రెండు మూతలూ తెరిచి కిందికి దించి, తాడు వెంట చిన్న ఇనప బరువు జారవిడిస్తే అది వెళ్లి టక్కుమని మూతలు మూసేస్తుంది. డ్యామ్‌లో మార్పు నెమ్మది, కాబట్టి నెలకోసారి చాలు. కాలం చల్లబడి పైనీళ్లూ కిందినీళ్లూ కలిసిపోయే రోజుల్లో మాత్రం ఒకసారి ఎక్కువ వెళ్లండి.

డబ్బులు తక్కువుంటే ఏం కొనాలి? వాగుకి రెండు కండక్టివిటీ సెన్సార్లు, మట్టం కొలిచేవి కూడా, ఒకటి గనికి ఎగువన, ఒకటి దిగువన. బాటిల్ మానేయొద్దు, రేపు ఏదైనా తగాదా వస్తే చెల్లేది ల్యాబ్ కాగితమే, కాకపోతే క్యాలెండర్ చూసి వెళ్లే సార్లు తగ్గించి, సెన్సార్ లేచిందని తెలిశాక వెళ్లే సార్లు పెంచండి. రెండు సెన్సార్లకి డబ్బు లేదు, ఒక్కటే, అదీ దిగువనే పెడతామంటారా? వద్దంటాను. ఆ డబ్బు వాన రోజుల బాటిళ్లకి పెట్టుకోండి. ఎగువది లేకుండా దిగువ రీడింగ్ పెరిగితే అది గని నుంచి వచ్చిందా, పైన కొండ రాళ్లలోంచే వచ్చిందా అని గనివాళ్లొకటి, ఊరివాళ్లొకటి అంటూ ఏడాదంతా కొట్టుకుంటారు.