ఆటిజం పిల్లల ఇంటెన్సివ్ ప్రోగ్రామ్: మూడేళ్ల వాడకం తర్వాత

ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్: పనిని చిన్న ముక్కలు చేసి, బహుమతులతో నేర్పే పద్ధతి) ప్రకారం నడిచే ఇంటెన్సివ్ ప్రోగ్రామ్‌ను మూడేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. చేరేముందు అందరూ అడిగేది వారానికి ఎన్ని గంటలు అనే. అసలు అడగాల్సింది, ఆ గంటల్లో ప్రాంప్ట్ (సరైన పని చేసేలా పిల్లాడికిచ్చే చేతి సాయం, సైగ లాంటివి) ఎలా తగ్గిస్తారు, నేర్చుకున్నది గది దాటి బయటికి ఎలా తెస్తారు అని.

తరచూ వినిపించే వారానికి 40 గంటలనే అంకె 1987లో అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం నుంచి మనస్తత్వవేత్త ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనంలోంచి వచ్చింది. అందులో 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు ఒకటో తరగతి పూర్తిచేశారు, వాళ్ల ఐక్యూ కూడా సగటు స్థాయికి చేరింది. ఇది చెప్పేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తుంటారు. పిల్లలను లాటరీ పద్ధతిలో గ్రూపులుగా విడదీయలేదు. పైగా అప్పటి పద్ధతిలో గట్టిగా గద్దించడం, తొడమీద చరచడం కూడా ఉండేవి. 2000లో ట్రిస్ట్రమ్ స్మిత్ బృందం 28 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక గ్రూపుకు వారానికి దాదాపు 25 గంటలు నేర్పించింది. లాభం కనిపించింది గానీ 1987 అంత కాదు. ఆటలోనే పాఠం కలిపే డెన్వర్ మోడల్‌ను 2010లో 48 మంది చిన్నపిల్లల మీద పరీక్షించారు. రెండేళ్లకు ఆ గ్రూపు ఐక్యూ సగటున 17.6 పాయింట్లు పెరిగింది, మామూలు సేవలు పొందిన గ్రూపులో 7 పాయింట్లు. అక్కడ లక్ష్యం వారానికి 20 గంటలే. అందుకే ఎక్కువ గంటలు అంటే ఎక్కువ ఫలితం అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే అనుమానించాలి.

ఇక సెషన్ లోపలికి వెళ్దాం. ఒక ట్రయల్ అంటే ఇంతే: పిల్లాడి దృష్టి మన వైపు రావాలి, ఒక్క చిన్న మాట చెప్పాలి ("కప్పు ఇవ్వు"), 3 నుంచి 5 సెకన్లు ఆగాలి, సరిగ్గా చేస్తే వెంటనే బహుమతి, తర్వాత కొద్ది సెకన్ల విరామం. చూడ్డానికి సులువే. చెడేది మాత్రం ఇక్కడే. మాటను మూడుసార్లు చెబితే మూడోదే అసలు మాట అని పిల్లాడు నేర్చుకుంటాడు. కప్పు ఎప్పుడూ కుడివైపే పెడితే నేర్చుకునేది కుడివైపు, కప్పు కాదు. చెప్పేటప్పుడు థెరపిస్ట్ కళ్లు కప్పు వైపు తిరిగినా అంతే. వస్తువుల స్థానం ప్రతి ట్రయల్‌కూ మారుస్తున్నారో లేదో అద్దం వెనకనుంచో వీడియోలోనో పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

ప్రాంప్ట్ ఇవ్వడం అందరికీ వచ్చు, తీసెయ్యడం కొందరికే. మొదట చెయ్యి పూర్తిగా పట్టుకుని చేయిస్తారు, తర్వాత మణికట్టు, తర్వాత మోచేయి తాకడం, తర్వాత వేలితో చూపడం, చివరికి ఏమీ లేకుండా. ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు ఎప్పుడు దిగాలో షీట్‌లో రాసి ఉండాలి. వరసగా రెండుసార్లు తప్పు వస్తే ఒక మెట్టు వెనక్కి. ఈ ప్లాన్ లేనిచోట పిల్లాడు చెయ్యి చాపి, పెద్దవాళ్లు వచ్చి పట్టుకునేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటాడు. దాన్ని విడిపించడానికి మళ్లీ నెలలు పడతాయి.

డేటా షీట్ మీద ఒక మాట. పది ట్రయల్స్‌లో ప్రాంప్ట్‌తో చేసినవి వేరే గుర్తుతో ఉండాలి. వాటిని కూడా ఒప్పుల్లో కలిపేస్తే గ్రాఫ్ అందంగా ఎక్కుతుంది, ఇంట్లో మాత్రం ఏమీ కనిపించదు. వరసగా రెండుమూడు సెషన్లలో, ఇద్దరు వేర్వేరు మనుషులతో, ప్రాంప్ట్ లేకుండా 80–90 శాతం వస్తేనే ఆ పాఠం అయినట్టు లెక్క. నాలుగైదు సెషన్లు గీత కదలకపోతే తప్పు పాఠంలో ఉంది, పిల్లాడిలో కాదు. పాఠాన్ని ముక్కలు చెయ్యాలి, లేదా బహుమతి మార్చాలి. సూపర్‌వైజర్ నెలకోసారి మాత్రమే తొంగిచూసే చోట ఆ తప్పే వందలసార్లు సాధన అవుతుంది.

బహుమతి విషయంలో ఒకే బిస్కెట్, ఒకే బుడగలు పెట్టుకుని రోజంతా లాగుతారు. అరగంటకే మొహం మొత్తుతుంది. సెషన్‌కు ముందు అయిదారు వస్తువులు పరిచి, మొదట ఏది తీస్తాడో చూడాలి. అన్నిటికన్నా ఇష్టమైనది కష్టమైన పాఠానికే దాచాలి, బయట దొరకకూడదు.

మాటలు రాని పిల్లలకు పెక్స్ బాగా పనిచేసింది. ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో రూపొందించిన బొమ్మ కార్డుల పద్ధతి ఇది, ఆరు దశలు. మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి: వస్తువు పట్టుకుని ఎదురుగా ఒకరు, వెనకనుంచి నోరు మెదపకుండా చెయ్యి నడిపించేవారు ఒకరు. ఒక్కరితోనే కానిచ్చేస్తూ "ఏం కావాలి?" అని అడుగుతుంటే పిల్లాడు ఆ ప్రశ్న వినబడేదాకా కార్డు ఇవ్వడు. మనం ప్రశ్న వెయ్యకుండానే పిల్లాడు తనంతట తాను అడగడం రావాలన్నదే ఈ దశ ఉద్దేశం. కార్డులు ఇస్తే మాటలు ఆగిపోతాయన్న భయం అనవసరం. "వద్దు", "ఆపు" కార్డులు మొదటి నెలల్లోనే నేర్పించాలి. అవి లేనిచోట పిల్లాడు వద్దని చెప్పే దారి కొరకడమే.

నచ్చనివి కూడా ఉన్నాయి. కళ్లలోకి చూడమని బలవంతపెట్టే పాఠాలు, చేతులు ఆడించడం ఆపించే పాఠాలు ప్రోగ్రామ్‌లోంచి తీసేయమని అడగండి. చిన్నప్పుడు ఇలాంటివి అనుభవించి పెద్దయిన ఆటిస్టిక్ మనుషులు చెప్పే అభ్యంతరాల్లో ముఖ్యమైనవి ఇవే. దెబ్బ తగలనంతవరకు చేతులు ఆడించడం వల్ల ఎవరికీ నష్టం లేదు. మొండితనం మీద "పట్టించుకోకండి" అనే సలహా కూడా సగమే. పట్టించుకోవడం మానేస్తే ఏడుపు మొదట ఇంకా పెరుగుతుంది. ఆ పెరిగినప్పుడే మనం లొంగితే, అంత గట్టిగా ఏడిస్తేనే పని అవుతుందని నేర్పినట్టే. ఏడుపు దేనికోసమో ముందు కనిపెట్టి, అదే పనికి మరో మార్గం నేర్పకుండా పట్టించుకోకపోవడం మొదలుపెట్టకూడదు.

బల్ల దగ్గర నేర్చినది బల్ల దగ్గరే ఉండిపోవడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. ఎర్ర కప్పు తెలుసు, స్టీలు గ్లాసు చూపిస్తే వెర్రిచూపు. మొదటినుంచే కనీసం మూడు రకాల వస్తువులు, రెండు గదులు, ఇద్దరు మనుషులు ఉండేలా పాఠం రాయించాలి. రోజూ చివరి అరగంట తల్లిదండ్రులు చేయించాలి, థెరపిస్ట్ పక్కన కూర్చుని సరిదిద్దాలి. కొన్నిచోట్ల దీన్ని "పేరెంట్ ట్రైనింగ్" పేరుతో నెలకోసారి ఉపన్యాసంగా మార్చేస్తారు, దానివల్ల ఉపయోగం శూన్యం.

థెరపిస్టులు తరచూ మారతారు, దానికి సిద్ధపడాలి. పాత మనిషి, కొత్త మనిషి కనీసం వారంపాటు కలిసి కూర్చునేలా ముందే ఒప్పందంలో రాయించుకోండి. అలా కుదరకపోతే, ఏ పాఠంలో ఏ ప్రాంప్ట్ మెట్టు మీద ఉన్నారో రాసిన కాగితమైనా చేతికి తీసుకోండి. లేదంటే కొత్తవాళ్లు అన్నీ పూర్తి చెయ్యి పట్టుకోవడం నుంచి మొదలుపెడతారు.