వాంకూవర్‌లో ఆదివాసీ కళ: ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనాలి

కెనడాలోని వాంకూవర్ పాతపేట గాస్‌టౌన్, వాటర్ స్ట్రీట్‌లో టోటెమ్ స్తంభాల (ఆదివాసీలు చెక్కే నిలువు చెక్క స్తంభాల) బొమ్మలు, కాకి బొమ్మ మగ్గులు వరసగా ఊరిస్తాయి. మొదటిరోజే అక్కడ పర్సు తీయకండి. అసలు పనితనం కంటికి అలవాటయ్యాక కొంటే మోసపోరు.

అందుకు యూబీసీ (బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం) ఆవరణలోని మానవశాస్త్ర మ్యూజియం సరైన చోటు. భూకంపాలను తట్టుకునేలా పెద్ద హాలును తిరగకట్టి 2024 జూన్‌లో తెరిచారు. హైడా అనే ఆదివాసీ జాతికి చెందిన శిల్పి బిల్ రీడ్ పసుపు సెడార్ చెక్కలో మలచిన పెద్ద కాకి, దాని కాళ్ల కింద ఆల్చిప్పలోంచి తొంగిచూసే తొలి మనుషులు (1980) ఇక్కడే ఉన్నారు. సగం రోజు కేటాయించాలి. గురువారం రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది. పుస్తకాలు ఇక్కడి దుకాణంలోనే కొనడం మేలు. ధర చీటీలో పన్ను కలిసి ఉండదు: పుస్తకాలకు 5 శాతం జీఎస్టీ ఒక్కటే, మిగతా చాలా వస్తువులకు దాంతోపాటు మరో 7 శాతం ప్రావిన్స్ పన్ను. పర్యాటకులకు ఆ సొమ్ము వాపసిచ్చే పద్ధతి 2007లోనే పోయింది.

నగలకు హార్న్‌బీ స్ట్రీట్‌లోని బిల్ రీడ్ గ్యాలరీ. చిన్నది, గంటలో అయిపోతుంది. వెండి కడియాన్ని వేలితో తడిమి చూడండి: చేత్తో చెక్కిన గీత అంచు పదునుగా ఉంటుంది, లోతు మారుతుంది, పోతపోసిన దాంట్లో అంచులు మొద్దుబారి ఉంటాయి.

ప్రింట్ల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. సీరిగ్రాఫ్ అంటే తెర (స్క్రీన్) ముద్రణ, ఒక్కో రంగుకు ఒక్కో తెర. కింద పెన్సిల్‌తో 34/200 (200 ప్రతుల్లో 34వది) లాంటి సంఖ్య, సంతకం ఉంటాయి. జీక్లే అంటే ఇంక్‌జెట్ ముద్రణే. దానిమీదా సంఖ్య వేస్తారు కాబట్టి అంకె చూసి సరిపెట్టుకోక, ఏ పద్ధతో అడగాలి. మగ్గులు, శాలువాలు ఫ్యాక్టరీ సరుకైనంత మాత్రాన నకిలీ కావు. చిత్రకారుడికి రాయల్టీ అందేవి చాలానే ఉన్నాయి. వాటిమీద కళాకారుడి పేరు, ఏ నేషన్ (ఆదివాసీ జాతి) వారో రాసి ఉంటుంది. ఉత్త ‘నేటివ్ డిజైన్’ అని ఉంటే వదిలేయండి.

ఆర్జిలైట్ అనే నల్లరాతి శిల్పాలు హైడా వారి సొత్తు. ఒకే అచ్చులో దిగినట్టు నాలుగు బొమ్మలు కనిపిస్తే అది రెసిన్. అసలు రాయి పెళుసు; ముక్కు, రెక్కల కొసలు ముందు విరుగుతాయి, చేతిసంచిలోనే తెచ్చుకోవాలి. తోలు డప్పును ఎండలో కారులో వదిలితే తోలు బిగిసి చీలుతుంది. అమెరికా మీదుగా తిరిగొచ్చేవాళ్లు గద్ద ఈకలు, సీల్ చర్మం ఉన్నవి కొనకూడదు, కస్టమ్స్‌లో పోతాయి.

విస్లర్‌లోని స్క్వామిష్ లిల్‌వట్ సాంస్కృతిక కేంద్రం (2008) చక్కనిదే, కానీ కొనుగోళ్ల కోసమే 120 కిలోమీటర్లు వెళ్లనక్కర్లేదు. భోజనానికి వెస్ట్ బ్రాడ్‌వే మీది సామన్ అండ్ బానక్. హాలు చిన్నది, ముందే బుక్ చేయాలి.

డబ్బూ తీరికా ఉంటే హైడా వారి దీవులు, హైడా గ్వాయ్. స్కిడెగేట్, ఓల్డ్ మాసెట్ ఊళ్లలో శిల్పి చేతినుంచే కొనవచ్చు. బసకు త్లెల్ దగ్గరి హైడా హౌస్ హైడా వారి సొంత సంస్థదే. ఖరీదెక్కువ, చలికాలంలో మూసి ఉంటుంది. ప్రిన్స్ రూపర్ట్ రేవు నుంచి ఫెర్రీ సుమారు 7 గంటలు. సముద్రం పడనివాళ్లు వాంకూవర్ నుంచి ఆ దీవుల్లోని శాండ్‌స్పిట్‌కు విమానం ఎక్కాలి.