స్టేడియంలోనా, టీవీ ముందా?

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేతులతో మోస్తూ, విసురుతూ ఆడే ఆట) జట్టును ప్రాణంగా అభిమానించేవారికి ఏటా ఒకే సందేహం ఎదురవుతుంది: విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్ నగరానికి వెళ్లి స్టేడియంలో ఆట చూడాలా, ఇంట్లో టీవీ ముందు కూర్చోవాలా?

ఆట అర్థం కావడమే ముఖ్యమనుకుంటే టీవీదే పైచేయి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాగితేనే బంతి జట్టు దగ్గర నిలుస్తుంది. ఆ హద్దును చూపే పసుపు గీత 1998 నుంచి టీవీ తెరపై కనిపిస్తోందే తప్ప మైదానంలో ఉండదు.

అయితే 1927లో ప్రారంభమై, నేడు 1,07,601 మందికి చోటిచ్చే ఆ స్టేడియంలో చాలా భాగం నేలమట్టానికి దిగువన ఉండటంతో, బయట నిలబడితే దాని పరిమాణం తెలియదు. లోపలికి అడుగు పెట్టగానే పెద్ద గిన్నెలా కాళ్ల కిందే తెరుచుకుంటుంది. ఆ క్షణాన్ని ఏ కెమెరా పట్టుకోలేదు. దానికి తగ్గ మూల్యమూ ఉంది: సంచులపై ఆంక్షలుంటాయి, బల్లలపై ఇరుక్కుని కూర్చోవాలి, టీవీ ప్రకటనలు అయ్యేదాకా ఆటగాళ్లతోపాటు మనమూ చలిలో ఎదురుచూడాలి. ఇంట్లో ఆ వ్యవధిలో టీ పెట్టుకోవచ్చు!

మామూలు పోటీలకు నేను టీవీనే ఎంచుకుంటాను. చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ జట్టుతో 1897లో మొదలైన పోరు మాత్రం వేరు. నవంబరు చివరలో జరిగే ఆ పోటీ బేసి సంవత్సరాల్లోనే ఆన్ ఆర్బర్‌కు వస్తుంది కనుక, దగ్గర్లో ఉన్నవారు చలికి వెరవకుండా వెళ్లాలి. చదువు ముగించి హైదరాబాదు తిరిగొచ్చిన పూర్వ విద్యార్థులకు ఎంపికే లేదు; అక్కడ మధ్యాహ్నం పన్నెండుకు ఆట మొదలైతే ఇక్కడ రాత్రి పదిన్నర, టీవీయే దిక్కు.