ఆరేళ్లుగా యాపిల్ పిందెలకు కాగితం సంచులు

పెరట్లో నాకున్నవి రెండే యాపిల్ చెట్లు. కాయ తొలిచే పురుగు పడకుండా ఆరేళ్లుగా చేతికందిన ప్రతి పిందెకీ కాగితం సంచి తొడుగుతున్నాను. పని అయ్యేసరికి మెడ పట్టేస్తుంది. అయినా మానలేదు.

అంతకుముందు లింగాకర్షక బుట్ట ఒక్కటే వాడేవాణ్ణి. అందులో ఆడపురుగు వాసనను పోలిన ఎర, కింద జిగురు అట్ట ఉంటాయి. వారానికోసారి తీసి చూస్తే కాడ్లింగ్ మాత్‌లు, అంటే ఆ కాయ తొలిచే పురుగే ఎదిగి మారిన రెక్కల పురుగులు, బోలెడు అతుక్కుని ఉండేవి. పీడ విరగడైందనుకున్నాను. తీరా కాయ కోస్తే నడిమధ్య గులాబీ రంగు పురుగు, గింజలు తినేసి, చుట్టూ గోధుమరంగు లద్దె నింపి కూర్చుంది! బుట్టలో పడేవన్నీ మగవే మరి. తప్పించుకున్న నాలుగు మగవి చాలు, పైగా పక్క పెరళ్ల నుంచి జతకట్టిన ఆడవి వచ్చి గుడ్లు పెడతాయి. ఇప్పటికీ బుట్ట కడతాను, కానీ పురుగు రాక ఎప్పుడు మొదలైందో తెలుసుకోవడానికే. ఎర మాత్రం ప్యాకెట్ మీద రాసిన గడువుకు మార్చాలి. ఒక ఏడాది బద్ధకించాను. బుట్ట ఖాళీగా కనబడితే పురుగే లేదనుకుని మోసపోయాను.

సంచుల్లో అసలు కిటుకంతా సమయమే. పిందె పెద్ద గోలీ అంత ఉన్నప్పుడే తొడగాలి. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఎక్కువ రోజులు బయట తిరగదు, కాయలోకి దూరిపోతుంది. ఆ తర్వాత తొడిగితే దాన్ని లోపల పెట్టి తలుపేసినట్టే. ముందుగా గుత్తికి ఒక్క పిందె ఉంచి మిగతావి గిల్లేస్తాను. మొదటి ఏడాది మనసొప్పక రెండేసి పిందెల్ని ఒకే సంచిలో పెట్టాను, రెండూ లావెక్కి సంచినే చింపేశాయి. సంచి మూతి దగ్గర చిన్న చీలిక కోసి, తొడిమను అందులో ఇమిడ్చి, మూతి మడిచి అటొకటి ఇటొకటి స్టేప్లర్ పిన్నులు కొడతాను. ఇక్కడ తొందర పనికిరాదు. సంచి కాస్త లాగితే చాలు, తొడిమ టక్కున విరిగి పిందె చేతిలోకి వచ్చేస్తుంది. ఏటా అలా పది పన్నెండు పోతూనే ఉంటాయి.

వానకు కాగితం తడిసినా ఆరిపోతుంది, పెద్ద గాలివానకే కొన్ని చిరుగుతాయి. ఎర్రరకం కాయలకు రంగు రావాలంటే కోతకు రెండు మూడు వారాల ముందు సంచి తీసేయాలి. తీయకపోతే కాయ పాలిపోయి ఉంటుంది, రుచికి లోటేమీ లేదు.

రసం పీల్చే పేనుబంకకు సంచి చేసేదేమీ లేదు. కొమ్మల మీద దూదిలా కనిపించే రకాన్ని సబ్బునీళ్లలో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్దుతాను, నలిగితే ఎర్రటి రసం వేళ్లకు అంటుకుంటుంది. కాయల్లోంచి దిగి బెరడు కింద దాక్కునే పురుగుల కోసం చెట్టు మొదలు చుట్టూ ముడతల అట్ట (పెట్టెలకు వాడేది) కడతాను. చలికాలంలో దాన్ని విప్పి కాల్చేయాలి. మరిచిపోతే మనమే వాటికి ఇల్లు కట్టి ఇచ్చినట్టు.

పోయినేడు సంచుల్లోని కాయల్లో వందకు ఆరేడే పుచ్చాయి. నిచ్చెన అందని పై కొమ్మల్లో సగానికి పైగా పోయాయి. అందుకే ఈ చలికాలం రెండు చెట్ల తలలూ కత్తిరించి కిందికి దించాను.