చిన్న బ్యాండ్ టూర్‌లో ఎటిమోటిక్ ఇఆర్20ఎక్స్‌ఎస్ ఇయర్ ప్లగ్స్: వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, సొంత పాటలు పట్టుకుని చిన్న చిన్న హాళ్ళు తిరిగే బ్యాండ్‌లో ఉన్నవాళ్ళు కొత్త గిటార్ ఎఫెక్ట్ పెడల్ కొనేముందు ఈ ఇయర్ ప్లగ్స్ కొనండి. నేను బేస్ వాయిస్తా, చాలా స్టేజీల మీద డ్రమ్మర్ సింబల్‌కీ నా ఎడమ చెవికీ మధ్య చేతి దూరం కూడా ఉండదు, అందుకే ఈ విషయంలో నాకు పట్టింపు కాస్త ఎక్కువ.

పెద్ద బ్యాండ్లకి పెద్ద స్టేజీ ఉంటుంది, తమ వాయింపు చెవిలోనే వినిపించే ఇన్ ఇయర్ మానిటర్లు ఉంటాయి, వాళ్ళ సౌండ్ ఇంజనీర్ వాళ్ళతోనే తిరుగుతాడు. మనకి అవేం ఉండవు కదా, ఇరుకు గది, తక్కువ ఎత్తు సీలింగ్, డ్రమ్స్‌కి మైకే అక్కర్లేనంత మోత, దాన్ని దాటి వినపడాలని గిటార్ ఆంప్ పెంచుతారు, గిటార్‌ని దాటాలని మానిటర్‌లో, అంటే స్టేజీ మీద మనవైపు తిప్పి పెట్టే స్పీకర్‌లో, వోకల్ పెంచుతారు, చివరికి అందరి చెవులూ అయిపోతాయి. ఒక్క రోజు షో అయితే మర్నాడు రెస్ట్ తీసుకుంటాం. టూర్‌లో ఆ రెస్టే దొరకదు, రాత్రి షో, పొద్దున్నే వ్యాన్, అద్దాలు దించుకుని గంటల తరబడి హైవే మీద గాలి హోరు, సాయంత్రం మళ్ళీ సౌండ్ చెక్. షో అయ్యాక చెవులు దూది పెట్టినట్టు మూసుకుపోయి గుయ్యిమంటాయి చూడండి, అది మామూలే అని వదిలేస్తాం. అది లోపలి చెవి అలిసిపోయిందని చెప్పడం, మామూలుగా కొన్ని గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో తగ్గుతుంది, కానీ తగ్గేలోపే మళ్ళీ మళ్ళీ దెబ్బ పడితే ఒకరోజు తగ్గకుండా అలాగే ఉండిపోవచ్చు. చెవిలో జోరీగ ఇక జీవితాంతం. శబ్దాన్ని పట్టుకునే హెయిర్ సెల్స్ అనే కణాలు లోపల ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్ళీ పుట్టవు. తీగ తెగితే మార్చుకోవచ్చు, ఆంప్ పోతే పక్క బ్యాండ్‌ని అడగొచ్చు, దీనికి మాత్రం స్పేర్ లేదు.

లెక్క కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం గురించి చూసే నియోష్ అనే సంస్థ పెట్టిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అయిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2, అలా పోతూ 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో రాక్ బ్యాండ్ వాయిస్తుంటే 100 దాటడం వింతేం కాదు. అంటే నాలుగు పాటలయ్యేసరికి ఆ రోజు కోటా అయిపోయినట్టే. ప్లగ్ పెట్టుకుని చెవి దగ్గర నిజంగా 12 డెసిబెల్స్ తగ్గిందనుకోండి, అదే 100 మనకి 88 అవుతుంది, 4 గంటలు దొరుకుతాయి, షో మొత్తం దాటేయొచ్చు. మధ్యమధ్యలో పీకేస్తే మాత్రం ఈ లెక్కంతా పోతుంది, తీసి ఉంచిన ఆ కాసేపే రోజు కోటా తినేస్తుంది.

మరి ఫోమ్ ప్లగ్స్ ఉన్నాయిగా అంటారు. అవి ఇంకా ఎక్కువ శబ్దాన్ని ఆపుతాయి కూడా, సమస్య ఏంటంటే హై ఫ్రీక్వెన్సీలని మరీ ఎక్కువ కోసేస్తాయి, సింబల్ మెరుపు పోతుంది, మాటల్లో హల్లులు పోతాయి, బురదలోంచి వాయిస్తున్నట్టుంటుంది, దాంతో రెండో పాటకే పీకేసి జేబులో వేసుకుంటారు. ఎటిమోటిక్ కంపెనీ 1983లో మొదలైంది, సంగీతకారుల కోసం కస్టమ్ ప్లగ్స్, అంటే ఎవరి చెవి అచ్చుకి తగ్గట్టు వాళ్ళకి చేసేవి, చేస్తున్నది 1980ల చివరినుంచి, వాళ్ళ ఉద్దేశమల్లా అన్ని ఫ్రీక్వెన్సీలనీ దాదాపు సమానంగా తగ్గించడం. ఈ ఇఆర్20ఎక్స్‌ఎస్ దాని రెడీమేడ్ రూపం. పెట్టుకుంటే పాట అదే పాట, వాల్యూమ్ నాబ్ తిప్పి తగ్గించినట్టుంటుంది. నాకైతే కోరస్‌లో హార్మొనీ పిచ్ ఇవి పెట్టుకున్నాకే బాగా తెలుస్తోంది, ఎందుకంటే మరీ పెద్ద శబ్దంలో చెవికి ఆ తేడాలు పట్టుకోవడం కష్టం.

ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దం ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో చెప్పే రేటింగ్) 13 అని చూసి ఇంతేనా అనుకోకండి. ఆ రేటింగ్ కట్టేటప్పుడు మనుషులు సరిగ్గా పెట్టుకోలేకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని బాగా తగ్గించి వేస్తారు, లోతుగా సరిగ్గా కూర్చుంటే అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. సరిగ్గా కూర్చోవడమే ఇక్కడ అసలు పని. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, టిప్, అంటే చెవిలోకి వెళ్ళే మెత్తటి కొన, కొంచెం తడిపి, మెల్లగా తిప్పుతూ లోపలికి పంపాలి. సైజులు రెండున్నాయి, రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని లేదు. సందు మిగిలితే ముందు లీకయ్యేది బేస్ శబ్దమే, హైస్ మాత్రం తగ్గుతాయి, దాంతో వస్తువు బాలేదనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట, సౌండ్ చెక్‌కి కూడా పెట్టుకునే ఉండండి. అప్పుడు తీసేసి మానిటర్ సెట్ చేయించుకుని షోలో పెట్టుకుంటే బ్యాలెన్స్ అంతా వేరేగా వినిపిస్తుంది, ఇక స్టేజీ మీదనుంచి సౌండ్ అన్నకి సైగలే సైగలు.

పాడేవాళ్ళకి మొదట్లో ఇబ్బందే, అది ఒప్పుకోవాలి. చెవి మూసేసరికి సొంత గొంతు ఎముకల ద్వారా లోపలికొచ్చి బయటికి పోలేక గుమ్మంటూ ఉంటుంది, తన గొంతే పెద్దగా వినపడి మెల్లగా పాడేస్తారు. శాక్సోఫోన్, క్లారినెట్ వాళ్ళకీ ఇదే, పళ్ళ నుంచి వైబ్రేషన్ నేరుగా వస్తుంది కాబట్టి. ఎంత లోతుగా పెడితే ఈ గుమ్మనడం అంత తగ్గుతుంది. రిహార్సల్స్‌లో కొన్ని వారాలు అలవాటు చేసుకుని బయల్దేరండి, టూర్ మొదటి రాత్రి కొత్తగా పెట్టుకుని పాడొద్దు. ఒక చెవికే పెట్టుకోవడం అస్సలు వద్దు, రెండో చెవి మీద ఎవరికీ జాలి లేదా?

కాడ చిన్నది, చెవిలోంచి పెద్దగా బయటికి కనపడదు, షో అయ్యాక టీషర్టులు అమ్మే టేబుల్ దగ్గర జనంతో మాట్లాడుతున్నప్పుడు కూడా తీయక్కర్లేదు, మాటలు చక్కగా అర్థమవుతాయి. అక్కడ డీజే మోత స్టేజీకేం తీసిపోదు. మెడలో వేసుకునే తాడు వస్తుంది, అది తప్పకుండా వాడండి, వ్యాన్ సీటు కింద పడితే మళ్ళీ దొరకదు. చెమట పట్టినవి అలాగే డబ్బాలో పెట్టేయకుండా టిప్స్ సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, రోజూ వాడే చెవికి ఇన్ఫెక్షన్ వస్తే ప్లగ్ పెట్టడమే కుదరదు. టిప్ గట్టిపడితే మార్చేయండి. వ్యాన్‌లో నిద్రకి మాత్రం ఫోమే మేలు, పక్కకి ఒరిగి పడుకుంటే ఇవి గుచ్చుకుంటాయి. డ్రైవ్ చేసేవాళ్ళు ఏవీ పెట్టుకోకండి, హారన్లు వినపడాలి.

గట్టిగా కొట్టే డ్రమ్మర్లకి ఇవి సరిపోకపోవచ్చు. వాళ్ళు ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గర చెవి అచ్చు తీయించుకుని కస్టమ్ ప్లగ్స్ చేయించుకోవడం మంచిది, వాటిలో 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లు విడివిడిగా ఉంటాయి, మార్చుకోవచ్చు. మా డ్రమ్మర్ 25 పెట్టుకుంటాడు. ఎలాగూ వెళ్తారు కాబట్టి అప్పుడే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష రిపోర్టు, కూడా తీయించుకుని దాచుకోండి, టూర్ తర్వాత తీయించుకున్నదాంతో పోల్చి చూసుకోవచ్చు.