సెల్ కల్చర్ అంటే 'కణ సంస్కృతి' అట! ఒక బయోమెడికల్ ఇంగ్లిష్ కోర్సుతో నా మూడు నెలలు

ముందే చెప్పేస్తున్నా, కోర్సు పేరు రాయను. కింద తిట్లు కూడా ఉన్నాయి మరి. పైగా ఇలాంటివన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి: ఫోన్‌లో పదాల కార్డులు, పది పదిహేను నిమిషాల వీడియోలు, వారానికోసారి టీచర్‌తో లైవ్‌లో మాట్లాడే క్లాసు. నేను తీసుకున్నది బయోఇంజినీరింగ్, మెడికల్ రీసెర్చ్ వాళ్ల కోసమే చేశామని చెప్పుకునే కోర్సు. మూడు నెలలూ పూర్తి చేశాను కాబట్టి, మీరూ ఇలాంటిది కొనే ఆలోచనలో ఉంటే ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

నేను పనిచేసేది టిష్యూ ఇంజినీరింగ్ (కణాలతో శరీర కణజాలం పెంచే పని) ల్యాబ్‌లో. పేపర్లు చదవడం కష్టమేమీ కాదు, చదివీ చదివీ అలవాటైపోయింది. నోరు తెరిచి చెప్పాల్సి వచ్చినప్పుడే టెన్షన్. ఒకసారి జర్నల్ క్లబ్‌లో (అందరం కూర్చుని ఒక పేపర్ గురించి చర్చించే మీటింగ్) ఒక క్లినికల్ ట్రయల్ గురించి చెబుతూ, కొంతమంది పేషెంట్లకు మందు ఇచ్చి మిగతావాళ్లని పోల్చి చూడటానికి కంట్రోల్ గ్రూప్‌గా పెట్టుకున్నారు అనాల్సింది పోయి "దే కంట్రోల్డ్ ద అదర్ పేషెంట్స్" అనేశాను. అంటే మిగతా పేషెంట్లని అదుపులో పెట్టారని, తాళ్లతో కట్టేసినట్టు. ఎవరూ పెద్దగా నవ్వలేదు, అది ఇంకా బాధ. ఒకాయన మాత్రం మెల్లగా "హౌ?" అని అడిగారు. ఆ రాత్రే కోర్సుకి డబ్బు కట్టాను.

మొదటి వారంలోనే నాకు ఒకటి అర్థమైంది, కోర్సు తయారుచేసినవాళ్లకి మాత్రం అర్థమైనట్టు లేదు. మనల్ని ఏడిపించేవి పెద్ద పదాలు కావు. ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ లాంటివి ఎంత పొడుగున్నా వాటికి ఒక్కటే అర్థం, ఒకసారి నోటికి పట్టుబడితే ఇక వదలవు. దెబ్బ కొట్టేవి చిన్న పదాలు, రోజూ వాడేవి. కంట్రోల్, ఆర్మ్, బ్లైండ్, కల్చర్, ఎక్స్‌ప్రెషన్, లైబ్రరీ, వెక్టర్, నావెల్. ట్రయల్‌లో ఆర్మ్ అంటే చెయ్యి కాదు, ఒకే రకం చికిత్స తీసుకునే గుంపు. నావెల్ అంటే నవల కాదు, ఇంతకుముందు లేనిది అని. జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటే మొహంలో కనిపించేది కాదు, జన్యువులో ఉన్న సమాచారం నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆ తర్వాత ప్రొటీన్ తయారవడం. ఇవన్నీ మనకు తెలిసిన పదాల్లాగే ఉంటాయి కాబట్టి డిక్షనరీ తీసి చూడం, అక్కడే బోల్తా పడతాం.

అలాంటి పదాలకి వీళ్లు ఇచ్చింది ఒకే ఒక్క వీడియో, పదకొండు నిమిషాలు. గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి పెద్ద పదాలు ఎలా కడతారో చెప్పడానికి ఆరు వారాలు!

ఆ ఆరు వారాలూ దండగ అనను. ఎక్టమీ అంటే కోసి తీసేయడం, ఆటమీ అంటే కోయడం, ఆస్టమీ అంటే తెరిచి దారి పెట్టడం అని మూడూ పక్కపక్కన పెట్టి చెప్పిన పద్ధతి చాలా బాగుంది, నేను అన్నేళ్లుగా ఆ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తున్నా. వ్యాక్సిన్ అనే మాటలో ఆవు ఉందని, ఇన్ విట్రో (శరీరం బయట, ల్యాబ్‌లో) అన్నదాంట్లో గాజు ఉందని, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మోతాదు) అంటే లాటిన్‌లో 'సంతోషపెడతాను' అని తెలిసినప్పుడు సరదాగానే అనిపించింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల నుంచి అంటుకునే కౌపాక్స్‌తో మశూచికి అడ్డుకట్ట వేసిన కథ తెలిస్తే 'వాకా' అంటే ఆవు అన్నది ఇక జన్మలో మర్చిపోరు. కానీ సరదా వేరు, మీటింగ్‌లో నోట్లోంచి వాక్యం రావడం వేరు.

ఇక తెలుగు అర్థాల సంగతి. కార్డు తిప్పితే వెనక మన భాషలో అర్థం కనిపిస్తుందని గొప్పగా రాసుకున్నారు. కనిపిస్తుంది. ఏదో మెషీన్‌కి అప్పజెప్పేసి మనిషి అన్నవాడు ఒక్కసారి కూడా చదవలేదని కూడా కనిపిస్తుంది. సెల్ కల్చర్‌కి (కణాల్ని ల్యాబ్‌లో పెంచడం) 'కణ సంస్కృతి'. స్టెమ్ సెల్‌కి 'కాండం కణం' (మూలకణం అని పేపర్లలో రాస్తూనే ఉన్నారు కదా, అదీ దొరకలేదా?). డబుల్ బ్లైండ్ ట్రయల్‌కి (ఎవరికి ఏది ఇస్తున్నారో పేషెంట్లకీ డాక్టర్లకీ తెలియకుండా చేసేది) 'రెట్టింపు గుడ్డి విచారణ'. సెల్ లైన్‌కి (ఒకే మూలం నుంచి ల్యాబ్‌లో పెంచుకుంటూ వచ్చే కణాలు) 'కణ గీత'. నా సొంత పని దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు: స్కాఫోల్డ్‌కి 'ఉరికంబం' అని ఇచ్చారు. ఆ మాటకి ఇంగ్లిష్‌లో ఆ పాత అర్థం ఉన్నమాట నిజమే, కానీ ఉదాహరణ వాక్యంతో కలిపి చదివితే మేం ల్యాబ్‌లో కణాలని ఉరికంబం మీద పెంచుతున్నాం అని వస్తుంది.

నిజానికి దీనికి మన దగ్గర పరంజా అన్న మాట రెడీగా ఉంది. ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ కర్రలతో పరంజా కడతారు, గోడ లేచాక విప్పేస్తారు. ల్యాబ్‌లో స్కాఫోల్డ్ చేసేదీ దాదాపు అదే, కొల్లాజెన్‌తోనో కరిగిపోయే పాలిమర్‌తోనో చిల్లులు చిల్లులుగా ఒక ఆకారం చేసి పెడితే కణాలు దాన్ని పట్టుకుని పెరుగుతాయి, అవి తమ చుట్టూ సొంత టిష్యూ కట్టుకునే కొద్దీ ఆ ఆకారం మెల్లగా కరిగిపోతుంది. ఈ ఒక్క మాట కార్డు వెనక రాసి ఉంటే కొత్తగా చేరినవాళ్లకి వీడియో కూడా అక్కర్లేదు.

బాగున్నదాని గురించి ఇప్పుడు చెబుతా, ఎందుకంటే నేను మధ్యలో మానేయకపోవడానికి కారణం అదొక్కటే. లైవ్ క్లాసు. మాకొచ్చిన టీచరు మెడికల్ పేపర్లు ఎడిట్ చేసిన అనుభవం ఉన్నావిడ. మొదటి క్లాసులోనే 'ప్రూవ్' అనే మాట వాడకూడదని రూల్ పెట్టారు, పొరపాటున ఎవరైనా అంటే వాక్యం మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఒక రోజు స్క్రీన్ మీద ఒకే వాక్యం రాశారు: తక్కువ నిద్ర వల్ల బీపీ పెరుగుతుంది. దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పండి అంటే అందరం 'కాజెస్' అన్నాం. అప్పుడు ఆవిడ అడగడం మొదలుపెట్టారు. నిద్ర తగ్గించి చూశారా, లేక తక్కువ నిద్రపోయేవాళ్లని ఎంచి వాళ్ల బీపీ కొలిచారా? కొలిచారంతే అయితే 'ఈజ్ అసోసియేటెడ్ విత్'. కారణాల్లో ఇదొకటి అనడానికి ఆధారం ఉంటే 'కంట్రిబ్యూట్స్ టు'. ఒకే ఒక్క చిన్న స్టడీ అయితే 'అవర్ ఫైండింగ్స్ సజెస్ట్'. ఒక్క వాక్యం మీద నలభై నిమిషాలు గడిచాయి, బోర్ కొట్టలేదు.

నా తప్పులకి అసలు మూలం ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. తెలుగులో మనం 'వల్ల' అని చాలా తేలిగ్గా వాడేస్తాం, కారణం రుజువైనా వల్లే, రెండూ కలిసి కనబడినా వల్లే. ఇంకోపక్క మనకి 'అట' అనే అద్భుతమైన తోక ఉంది, తగ్గుతుందట అంటే చాలు, నేను చూడలేదు బాబూ, విన్నాను అని తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ పనంతా క్రియలే మోయాలి. 'మే' కూడా అంతే, మన 'వచ్చు'కి సరిపోతుంది అనుకుంటాం గానీ, 'ఈ మందు వాడవచ్చు' అంటే పర్మిషన్, 'ఈ మందు పనిచేయవచ్చు' అంటే అనుమానం. నేను రెండింటికీ 'కెన్' వాడి ఇన్నాళ్లూ నా అనుమానాలన్నీ ధీమాగా చెబుతున్నా.

జంట పదాల క్లాసులు కూడా అంతే బలంగా ఉన్నాయి. ఎఫికసీ అంటే ట్రయల్ లాంటి కట్టుదిట్టమైన పరిస్థితుల్లో మందు ఎంత పనిచేసిందన్నది, ఎఫెక్టివ్‌నెస్ అంటే బయట మామూలు జనంలో ఎంత పనిచేస్తోందన్నది. దీనికి ఆవిడ 2020 నాటి ఫైజర్, బయోఎన్‌టెక్ కోవిడ్ టీకా ట్రయల్ లెక్క చూపించారు. 95 శాతం ఎఫికసీ అంటే టీకా వేసుకున్న వందమందిలో ఐదుగురికి జబ్బు వస్తుందనే నేను ఇన్నాళ్లూ అనుకున్నా. కాదు. దాదాపు సమానంగా ఉన్న రెండు గుంపుల్లో ప్లాసిబో తీసుకున్నవాళ్లలో 162 కేసులు, టీకా వేసుకున్నవాళ్లలో 8 కేసులు, 162తో పోలిస్తే 8 అంటే దాదాపు 95 శాతం తక్కువ, ఆ 95 అదే. అలాగే అడ్వర్స్ ఈవెంట్ వేరు, అడ్వర్స్ రియాక్షన్ వేరు. ట్రయల్ నడుస్తుండగా పేషెంటు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నా అది ఈవెంటే, రాసి తీరాలి. మందుకి సంబంధం ఉందని అనుమానించడానికి తగిన ఆధారం కనిపిస్తేనే రియాక్షన్ అనాలి. నేను అన్నింటినీ కలిపి సైడ్ ఎఫెక్ట్ అనేసేవాణ్ని. ఇక సిగ్నిఫికెంట్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. స్టాటిస్టిక్స్‌లో సిగ్నిఫికెంట్ అయితే తేడా పెద్దదని కాదు, ఉత్త యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించడం అరుదు అని మాత్రమే. ఇది తెలిసి కూడా నోటికి 'పెద్ద తేడా' అనే వస్తుంది.

హెన్రియెట్టా లాక్స్ పాఠం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1951లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆవిడకి తెలియకుండా తీసిన క్యాన్సర్ కణాలే ఇప్పటికీ ల్యాబుల్లో హెలా సెల్స్ పేరుతో పెరుగుతున్నాయి. ఆ ఒక్క కథ పెట్టుకుని సెల్ లైన్, బయాప్సీ, ఇన్ఫార్మ్‌డ్ కన్సెంట్ (అన్నీ తెలిసి ఒప్పుకోవడం), ఇమ్మోర్టలైజ్డ్ (ఆగకుండా విభజన చెందుతూనే ఉండే కణాలు) అన్నీ ఎవరూ బట్టీ పట్టకుండా వచ్చేలా చేశారు. కోర్సంతా ఇలా ఉంటే నేను ఈ రివ్యూలో సగం రాసేవాణ్నే కాదు.

కానీ వీడియోలు పాతబడిపోయాయి. మందుల పేర్ల పాఠంలో చివర మాబ్ ఉంటే మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసే యాంటీబాడీ) అని చెప్పి వదిలేశారు. ట్రాస్టుజుమాబ్ లాంటి పాత మందులకి నిజమే. అయితే మాబ్ పేర్లు మరీ ఎక్కువై ఒకదాన్ని చూసి ఇంకోటనుకునేలా తయారయ్యాయని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే కొత్తవాటికి ఆ తోక ఆపేసి టగ్, బార్ట్, మిగ్, మెంట్ అని నాలుగు కొత్త తోకలు పెట్టింది. వీటి ఊసే లేదు. క్రిస్పర్ (జన్యువుల్ని కత్తిరించి మార్చే పద్ధతి) పాఠం కూడా 2020 నోబెల్ దగ్గర ఆగిపోయింది, 2023 చివర్లో సికిల్ సెల్ జబ్బుకి క్రిస్పర్‌తో చేసిన చికిత్సకి బ్రిటన్‌లో, తర్వాత అమెరికాలో అనుమతి వచ్చిన సంగతి అందులో లేదు. అయితే ఆ పాఠంలోనే నాకౌట్, నాక్‌డౌన్ తేడా చెప్పిన తీరు బాగుంది: మొదటిది జన్యువునే పనిచేయకుండా చేసేయడం, రెండోది దాని పని తగ్గించడం, స్విచ్ తీసేయడానికీ ఫ్యాన్ స్పీడు తగ్గించడానికీ ఉన్నంత తేడా.

అన్నింటికన్నా చిరాకు పెట్టింది మాత్రం 'సబ్జెక్ట్స్'. ట్రయల్‌లో పాల్గొనేవాళ్లని వీడియోల్లో మొదటినుంచి చివరిదాకా ఆ మాటతోనే పిలుస్తారు. 1964 నాటి హెల్సింకీ డిక్లరేషన్‌ని (మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకి నైతిక నియమాలు) 2024లో సవరించినప్పుడు ఆ మాట తీసేసి 'పార్టిసిపెంట్స్' అని పెట్టారు. మాటలు నేర్పుతామని డబ్బు తీసుకునేవాళ్లు చూసుకోవాల్సింది ఇదే కదా! ఎలుకల విషయంలోనూ అంతే, ప్రయోగం అయ్యాక 'శాక్రిఫైస్డ్' అని రాయమంటారు, ఇప్పుడు చాలామంది సూటిగా 'యూథనైజ్డ్' (బాధ లేకుండా చంపడం) అనే రాస్తున్నారు. ఆ కార్డు తిప్పి చూడండి, ఎలుకలు త్యాగం చేశాయని ఉంటుంది.

ఉచ్చారణకి మార్కులు వేసే సాధనం ఒకటుంది. ఎంజైమ్ అనగానే ఎర్రగా వెలిగేది. మన జకీ ఆ జెడ్‌కీ మధ్య తేడా నా నోటికి ఎక్కడానికి రెండు వారాలు పట్టింది, అందుకు థాంక్సే. ఎనాలిసిస్ ఒక్కటైతే సిస్, ఎక్కువైతే సీజ్ అని పట్టించింది కూడా అదే. కాకపోతే దానికి ఒక్క యాసే నచ్చుతుంది. నేను మాట్లాడాల్సింది ల్యాబ్‌లో ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లతో, వాళ్ల 'మైటోకాండ్రియా' ఒక్కొక్కరిది ఒక్కో రకం, వినడం ప్రాక్టీస్ చేయించే పాఠం ఒక్కటీ లేదు.

కస్టమర్ సపోర్ట్ గురించి రెండు ముక్కలే: మూడు లైవ్ క్లాసులు రద్దయ్యాయి, రెండు మళ్లీ పెట్టారు, మూడోదాని గురించి ఇంకా మెయిళ్లు నడుస్తున్నాయి.

ఐదుకి మూడు ఇస్తాను, అందులో రెండున్నర ఆ టీచరుకే. ఇంగ్లిష్ పేపర్లు చదవడం అలవాటున్న పీహెచ్‌డీ వాళ్లు పదాల నిర్మాణం పాఠాలు దాటేసి నేరుగా ఏడో వారం నుంచి మొదలుపెట్టండి, యాప్ ఒప్పుకుంటుంది. మెడికల్ ట్రాన్స్‌లేషన్ చేసేవాళ్లు మాత్రం ఆ ఆరు వారాలూ చూడొచ్చు. నేను లైవ్ క్లాసుల కోసమే ఇంకో మూడు నెలలకి కట్టాను. తెలుగు అర్థాలు ఆపేసే బటన్ సెట్టింగ్స్‌లో ఉంది, భాష అని ఉన్నచోట కాదు, 'కార్డు డిజైన్' అన్నదాంట్లో అట్టడుగున.