ఒలింపస్ ఓఎం-1: ఏళ్ల తరబడి వాడాక

1972లో ఎం-1గా వచ్చి, జర్మన్ కెమెరా కంపెనీ లైకా అభ్యంతరం చెప్పడంతో పేరు మార్చుకున్న ఫిల్మ్ కెమెరా ఇది. సెకను నుంచి 1/1000 దాకా షట్టర్‌ని నడిపేవి స్ప్రింగులు, గేర్లే. బ్యాటరీ కావలసింది వెలుతురు కొలిచే మీటర్ ముల్లుకి మాత్రమే. బాడీ బరువు సుమారు అర కిలో, వ్యూఫైండరేమో పెద్ద కెమెరాలకు దీటుగా విశాలం. యంత్రం మొండిది. దాని చుట్టూ ఉన్న ఫోమే దీని కొంప ముంచుతుంది.

ప్రిజం (వ్యూఫైండర్‌కి దృశ్యాన్ని చేర్చే గాజు దిమ్మ) దగ్గర పెట్టిన ఫోమ్ తేమకి కుళ్లి, తారులా జిగురుగా మారి వెండిపూతను తినేస్తుంది. వ్యూఫైండర్‌లో నల్లటి మరకలు, గీతలు కనిపిస్తే కారణం దాదాపు ఇదే. ఫోటోల మీద ప్రభావం ఉండదు కానీ పోయిన పూత తిరిగి రాదు, వేరే బాడీలోంచి తీసిన ప్రిజం వేయాలి. అందుకే మరకలు లేని కెమెరా దొరికినా పైమూత విప్పించి ఆ ఫోమ్ ముందే తీయించడం మేలు. సొంతంగా విప్పేవాళ్లు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ వాడండి, మామూలు ఫిలిప్స్‌ది జారి స్క్రూ తలలు అరగదీస్తుంది.

వెనక తలుపు సీల్స్ (వెలుతురు చొరబడకుండా ఆపే పట్టీలు) ఇంట్లోనే మార్చుకోవచ్చు. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో నానబెట్టి, చెక్క టూత్‌పిక్‌తో గీకాలి. ముక్కలు షట్టర్ కర్టెన్ (ఫిల్మ్ ముందుండే తెర) మీద పడకుండా కాగితం అడ్డం పెట్టాలి. సన్నని గాడుల్లోకి నల్ల ఊలు దారం చాలు, కీలు వైపు 2 మి.మీ. ఫోమ్. మరీ మందం పెడితే తలుపు సరిగ్గా పడదు. అద్దం పైన తగిలే ఫోమ్ కూడా మార్చాలి, లేకపోతే అద్దం దానికి అతుక్కుని పైనే ఉండిపోతుంది. ఫోకసింగ్ స్క్రీన్‌కి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, అది ప్లాస్టిక్.

ఇక బ్యాటరీ. మీటర్‌ని 1.35 వోల్టుల పాదరసం సెల్‌కి తయారుచేశారు, అవి ఇప్పుడు లేవు. అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ పెడితే ముల్లు ఎక్కువ వెలుతురు చూపిస్తుంది, ఫిల్మ్‌కి వెలుగు చాలదు. పైగా వాడేకొద్దీ వోల్టేజీ పడిపోతూ ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం) సర్దుబాటుతో నెట్టుకురావడం కుదరదు. వినికిడి యంత్రాల 675 జింక్-ఎయిర్ సెల్, చుట్టూ ఒక రింగు పెడితే సరిపోతుంది. ఇది గాలి తగిలితే పనిచేసే సెల్, స్టిక్కర్ తీశాక కొన్ని వారాలే వస్తుంది. ఎక్కువ వాడేవాళ్లకి వోల్టేజీ తగ్గించే డయోడ్ ఉన్న అడాప్టర్‌లో 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్ నయం.

షట్టర్ తనిఖీకి వెనక తలుపు తెరిచి ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి, షట్టర్ తెరిచి ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. 1/8కి సుమారు 30 ఫ్రేములు, 1/30కి 8 రావాలి. తక్కువ వేగాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే లోపలి నూనె ఎండినట్టే, శుభ్రం చేయిస్తే తేరుకుంటాయి. 1/1000లో ఫోటో ఒక పక్క నల్లబడితే రెండు కర్టెన్ల వేగం కలవడం లేదని అర్థం. షట్టర్ వేగం కొలిచే టెస్టర్ లేకుండా ఆ స్ప్రింగులు బిగించకండి, ఒకటి తిప్పితే మిగతా వేగాలన్నీ కదులుతాయి.